బాలింత బియ్యం

హుఫూఫ్ పట్నానికి నేను ఒంటె మీద వెళ్ళాను. పాతకాలంలో పర్షియా సరుకులు ఉఖైర్ రేవులో పడవలు దిగి, ఇసుక మీదుగా ఏ బాటన ఆ ఊరికి చేరేవో సరిగ్గా ఆ బాటనే, తలకు గుడ్డ చుట్టుకుని, నీళ్ళ తిత్తి భుజాన వేసుకుని వెళ్ళాను. మొన్న సెలవుకి వెళ్ళినప్పుడు మా ఊళ్ళో హోటల్ ముందు కూర్చుని ఇలాగే చెప్పాను. నమ్మేవాళ్ళు నమ్మారు. రాసేటప్పుడు మాత్రం కొంచెం భయం ఉండాలి కాబట్టి నిజం చెబుతున్నాను. దమ్మామ్ స్టేషన్‌లో ఏసీ రైలెక్కి వెళ్ళాను. కిటికీ పక్క సీటు. దారిలో ఒంటెలు కనిపించిన మాట నిజమే. అవి కూడా ఒక లారీలో నిలబడి నాలాగే సుఖంగా పోతున్నాయి.

వెళ్ళింది ఊరు చూడటానికి కాదు. ఒక మొండిమనిషి చేత నాలుగు ముద్దలు తినిపించడానికి.

ఆ మొండిమనిషిది మా గదిలో నా ఎదురుమంచం. రాయచోటి వైపు సాయిబు, ట్రెయిలర్ డ్రైవరు. నేను జగిత్యాల వైపువాణ్ణి, ఏసీ మెకానిక్‌ని. రాస్ తనూరాలో ఒకే కాంట్రాక్టు కంపెనీలో పనిచేస్తూ, క్యాంపులో ఒకే గదిలో ఉంటూ ఇద్దరం తల నెరిపించుకున్నాం. అతను నన్ను అన్నా అంటాడు. నేనతన్ని భాయ్ అంటాను. వంట నాది. అతనికి స్టీరింగ్ పట్టడం తప్ప గరిటె పట్టడం రాదు.

నా వంటకి క్యాంపులో పేరుంది. చెడ్డపేరు కూడా ఉంది. కుక్కర్‌లో వండింది నా దృష్టిలో అన్నం కాదు. గిన్నెలో ఎసరు మరగాలి, బియ్యం ఉడకాలి, మూత మీద తువ్వాలు వేసి రెండు చేతులా బిగించి పట్టుకుని, గిన్నె వంచి గంజి వార్చాలి. అప్పుడే అది అన్నం. ఆ గంజి పోసీ పోసీ ఒకసారి వంటగది పైపు పూడుకుపోయింది. క్యాంపు బాస్ వచ్చి నన్నూ, నా అన్నాన్నీ, మా జిల్లానీ కలిపి తిట్టాడు. నేను వార్చడం మానలేదు. కాకపోతే ఆనాటి నుంచి సింకులోకి కాకుండా ఒక తపేలాలోకి వార్చి, బయటకు తీసుకెళ్ళి ఇసుకలో పోసేవాణ్ణి.

ఆ చలికాలం భాయ్‌కి టైఫాయిడ్ వచ్చింది. అప్పటికే అతని కాగితాలన్నీ అయిపోయాయి. ఫైనల్ ఎగ్జిట్, ఇక ఈ దేశానికి సలాం చెప్పి ఇంటికి పోవడమే. జ్వరమైతే ఆస్పత్రిలో తగ్గింది గానీ ఆకలి అక్కడే ఎక్కడో పడిపోయింది. మంచం నుంచి బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని పోవాల్సి వస్తోంది. ఆఫీసువాళ్ళు అతని వాలకం చూసి, టికెట్టుతో పాటు ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ కూడా రాయించారు. పాపం, మంచికే చేశారు. ఇతను మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

“నేను కుర్చీలో పోనన్నా” అన్నాడు.

“జెర కూసుంటె ఏం బోతది భాయ్? నూకెటోడు నూకుతడు.”

“ఇన్నేండ్లు ఈ దేశంలో అంతంత బండ్లు నేను తోలినా. ఇప్పుడు నన్నొకడు తోసుకోని పోతాంటే మా ఊరోళ్ళు పీనుగును మోసే జనాజా వచ్చిండాదనుకుంటారు. నడిచే పోతా.”

“నడ్వాలంటె తినాలె గద. నువ్వేమొ తినవైతివి.”

“గొంతులో దిగడంల్యా.”

మిరియాల చారు పెట్టాను. జొన్న గటక కాచాను. పెరుగులో అన్నం మెత్తగా పిసికి పెట్టాను. పళ్ళెం ముందుకు జరిపితే అతను వెనక్కి జరిపేవాడు. “నీ తెల్లబువ్వ చూస్తాంటే ఆస్పత్రి గోడ మాదిరి కనపడతాండాది” అనేవాడు.

“మరేం గావాలె నీకు? జెప్పు, గదే వండి పెడ్త.”

అతను గోడవైపు తిరిగి పడుకుని, నా పీడ వదిలించుకోవడానికి ఒక మాట విసిరాడు. “ఎప్పుడో హుఫూఫ్‌లో లోడు దించేదానికి పోయినప్పుడు తోటలో ఒక ముసలాయన ఎర్రబువ్వ పెట్టినాడు. ఆ ఊర్లోనే పండుతాదంట. అది తెచ్చి పెట్టు, తింటా పో.”

నేను వెళ్ళనని అతని నమ్మకం. ఏసీ డక్టులు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిన ముసలాణ్ణి, వారానికి ఒక్క శుక్రవారం సెలవు, ఆ ఒక్కరోజూ బియ్యం కోసం అంతదూరం పోతానా? ఆ నమ్మకమే నన్ను మండించింది.

“తెస్త. తెచ్చినంక తినకుంటె మాత్రం నీ మీసం గొరుగుత, ఏమనుకున్నవ్.”

“నా మీసం జోలికి వస్తివా, ఈ గదిలో నీ మంచం ఉండదు.”

జబ్బులో పడి కూడా మీసం అన్నాడు. మనిషింకా లోపలే ఉన్నాడని ధైర్యం వచ్చింది. ఆ శుక్రవారం పొద్దున్నే రైలెక్కాను.

దిగి చూస్తే ఊరంతా మూసి ఉంది. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ శుక్రవారం పొద్దున బజారు తెరవరని తెలియదా? తెలుసు. తొందరలో మర్చిపోయాను. కాదు, అదీ అబద్ధమే. పాత ఊరు కదా, పాత ఊళ్ళకి వేరే రివాజు ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని బయల్దేరాను.

రోడ్డు పక్కన ఒక పెద్ద సూపర్‌మార్కెట్ తెరిచి ఉంటే ముందు అందులో దూరాను. బియ్యం బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. అన్నీ మన దేశంవే. ఎర్ర బియ్యం లేదు. మన బాస్మతే నన్ను చూసి నవ్వినట్టయింది. అక్కడి నుంచి ఖైసరియా బజారుకి నడిచాను. పొడుగ్గా వరసగా కమానులు, వాటి వెనక చెక్క తలుపులు, ప్రతి తలుపుకీ తాళం. పైకప్పు సందుల్లోంచి పడిన ఎండలో పిల్లులు పడుకుని ఉన్నాయి. దాటి వెళితే కోట. మట్టిరంగు గోడలు, లోపల మసీదు తెల్లటి గుమ్మటం. గేటు వేసి ఉంది. కోట చుట్టూ ఒకసారి తిరిగాను. మోకాలు ఏమన్నా పట్టించుకోకుండా మళ్ళీ బజారుకి వచ్చి, ఒక కమాను కింద అరుగు మీద కూర్చున్నాను. బియ్యం దొరికేదాకా లేచేది లేదనుకున్నాను.

జుమ్మా నమాజు అయ్యాక నా ఎదురుగా ఉన్న దుకాణం తాళం తీస్తూ ఒక పెద్దాయన కనిపించాడు. బిష్త్‌లు అమ్మే షావుకారు. బిష్త్ అంటే పెళ్ళిళ్ళకీ పండగలకీ ఇక్కడి మగవాళ్ళు భుజాల మీద వేసుకునే పల్చటి ఉన్ని అంగీ, అంచుకి జరీ కుట్టు. ఈయన తాత బొంబాయి వ్యాపారం చేసినవాడట. ఆ తాత దగ్గర నేర్చిన హిందీ ఈయన నోట్లో ఇంకా మిగిలి ఉంది.

“యా హాజీ, బజారు తెరిచేది పొద్దు వాలాక, అస్ర్ నమాజు తర్వాత. ఇప్పుడే వచ్చి కూర్చున్నావేం?”

వయసు మళ్ళిన ఎవరినైనా ఇక్కడ హాజీ అనే పిలుస్తారు. “నాకు తొందర పనుంది” అన్నాను.

“తొందర ఉన్నవాడు లేచి తిరగాలి. నువ్వు కూర్చున్నావు” అని నవ్వి లోపలికి పిలిచాడు. ఖర్జూరాలు పెట్టి చిన్న గిన్నెలో గహ్వా, అంటే ఇక్కడి కాఫీ, పోశాడు. ఇక చాలని గిన్నె ఊపి చూపేదాకా పోస్తూనే ఉండటం ఇక్కడి పద్ధతి. ఆ విషయం తెలిసీ నేను ఊపలేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు మరి.

ఆయన తన ఊరి గొప్ప మొదలుపెట్టాడు. పర్షియా నుంచి తివాచీలు, పన్నీరు, కుంకుమపువ్వు. హింద్ నుంచి బట్ట, బియ్యం, టేకు దూలాలు. అన్నీ ఉఖైర్ రేవులో దిగి, ఒంటెల మీద ఈ బజారుకే వచ్చేవి. ఇక్కడి నుంచి ఖర్జూరాలూ బిష్త్‌లూ ఎదురు వెళ్ళేవి. “మా తాతకి ఆ దారిలో వంద ఒంటెలు” అన్నాడు.

ఎదుటివాడు వంద ఒంటెలంటే ఊరుకునే నోరు కాదు నాది. “మా తాత పర్షియాకి గొంగళ్ళు పంపేవాడు” అన్నాను.

గొంగడి అంటే ఏమిటన్నాడు. నల్లగొర్రె ఉన్ని వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి ఆరేస్తే, కప్పుకున్నవాడు వానకి తడవడు, చలికి వణకడు అని చెప్పాను. ఆ మాట నిజం, మా ఇంట్లో నేసేవారు. అక్కడ ఆగితే బాగుండేది. షావుకారు నేతగాళ్ళ భాష తెలిసినవాడు కాబట్టి ఆసక్తిగా ముందుకు వంగాడు.

“ఏ రేవు నుంచి పంపేవాడు?”

“బందరు నుంచి.”

“ఏ ఓడలో?”

“పెద్ద ఓడలో.”

“ఓడ ఎవరిది?”

గహ్వా తాగాను. ఆయన మళ్ళీ పోశాడు. అదీ తాగాను. ఆ చూపు నా మీంచి తప్పుకోలేదు. చివరికి చెప్పేశాను. మా తాత జన్మలో సముద్రం చూడలేదు. గొంగళ్ళు నెత్తిన పెట్టుకుని వారం వారం అంగడికి నడిచిపోయేవాడు. మిగిలినవి మళ్ళీ నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేవాడు.

షావుకారు పొట్ట ఊగేలా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, “మా తాతకి వంద లేవులే. పదో ఎన్నో. అందులో సగం మా మేనమామవి” అన్నాడు.

అంతే, మాకు స్నేహం కుదిరిపోయింది. అప్పుడు బియ్యం సంగతి చెప్పాను. ఆయన ముఖం కొంచెం మారింది.

“మా ఊరి ఎర్ర హసావీ బియ్యమా? ఈ ఏడు పంట తక్కువ. ఒకావిడ ఉంది, అస్ర్ తర్వాత బజారు బయట గోడవార కూర్చుంటుంది. వాళ్ళ తోటలో పండిందే తెస్తుంది. ఉంటే ఆవిడ దగ్గరే ఉండాలి.”

అస్ర్ నమాజుకి ఆయన వెళ్ళి వచ్చేదాకా కమాను కింద కూర్చున్నాను. సాయంత్రం రైలు అందకపోతే మర్నాడు డ్యూటీకి నాగా పడుతుంది. అయినా లేవలేదు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే, ఏలకులూ ఊదూ కలిసిన వాసన బయటికి వచ్చింది.

ఆవిడ వచ్చింది. నల్ల అబాయా, ముఖానికి ముసుగు, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. మా ఇద్దరికంటే పెద్దది. చాప పరిచి, ఈతాకు బుట్టలు, ఎండు నిమ్మకాయలు, ఖర్జూరపు ముద్దలు సర్దుకుంది. పక్కన ఒక్కటే ఒక్క సంచి, మూతి కట్టి ఉంది. షావుకారు అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఆ సంచి మీద చెయ్యి వేసింది.

“అది ఒక బాలింతకి చెప్పి ఉంచిందట” అన్నాడు షావుకారు. “మా ఊళ్ళో ఈ బియ్యం ముందు బాలింతలకి. నడుముకి బలం. ఆ తర్వాతే మిగతావాళ్ళకి.”

ఆవిడ నన్నే చూస్తూ అరబ్బీలో అడిగింది. ఆ మాత్రం అరబ్బీ నాకు వచ్చు. మీ ఇంట్లో ఎవరు కన్నారు?

“మా అమ్మాయి” అన్నాను.

నా నోరు నాకంటే ముందు నడుస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. షావుకారు నా వైపు తిరిగాడు.

“ఆడా, మగా?”

“ఇద్దరూ.”

“కవలలా! మాషా అల్లా!”

ఆవిడ సంతోషం చూడాలి. గబగబా సంచి మూతి విప్పింది. పాలు పడుతున్నాయా? నీళ్ళెవరు పోస్తున్నారు? నడుముకి గుడ్డ కట్టారా? నేను అన్నిటికీ తల ఊపుతున్నాను. ఒక చిన్న పొట్లంలో మెంతులు పోసి నా ముందు పెట్టింది. దాని పక్కన ఖర్జూరపు ముద్ద. కవలల తల్లికి ఊరికే ఇస్తున్నానంది. ఎర్రటి గింజలు దోసిట్లోకి తీసుకుని సంచి మార్చబోతుంటే ఆ చేతులు చూశాను. ఆ గింజల కోసం ఈ ఊళ్ళో నిజంగా కన్న ఒక పిల్ల ఎదురు చూస్తోంది.

షావుకారు చేతులు వెనక్కి కట్టుకుని, ఆవిడకి అర్థం కాకుండా హిందీలో అన్నాడు. “హాజీ, నీ తాత ఓడ మళ్ళీ బయల్దేరిందా?”

ఇక ఆ ఓడ ముందుకు కదలలేదు. “అమ్మా, ఆగు” అన్నాను. “కన్నవాళ్ళెవరూ లేరు. కవలలు లేరు. మగమనిషి. డ్రైవరు.”

ఆవిడ చేతులు ఆగిపోయాయి. నాకొచ్చిన అరబ్బీ ఏసీల గురించీ, గ్యాసు గురించీ మాట్లాడే అరబ్బీ. దాంతోనే చెప్పుకొచ్చాను. చాలనిచోట షావుకారు అందుకున్నాడు. జ్వరం వచ్చింది, తగ్గింది, తినడం లేదు. దేశం వదిలి వెళ్ళిపోతున్నాడు. కుర్చీలో తోయించుకోనంటున్నాడు, తన కాళ్ళ మీదే నడిచి పోతానంటున్నాడు. ఎప్పుడో మీ ఊళ్ళో తిన్న అన్నమైతేనే తింటానన్నాడు. పెద్ద మీసం కూడా ఉంది.

మీసం సంగతి ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆవిడ సంచి మూతి మళ్ళీ కట్టేస్తుందనుకున్నాను. అంతలో నల్ల అబాయా భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతోంది.

“ఎంత మీసం?” అని అడిగింది.

చేత్తో చూపించాను. ఉన్నదానికంటే జానెడు ఎక్కువే చూపించి ఉంటాను.

ఆవిడ సంచిలో ఉన్నది సగానికి పంచింది. ఒక సగం అసలు బాలింతకి పక్కన పెట్టింది. రెండో సగం నాకు కట్టింది. ఊరికే ఇచ్చినవి వెనక్కి తీసుకుంటుందనుకుంటే అదీ చెయ్యలేదు. వాడి నడుమూ గట్టిపడాలి కదా అంది. డబ్బు తీసుకున్నాక వేలు చూపించి మరీ చెప్పింది. పొద్దున నానబెట్టు. నీళ్ళు బాగా ఎక్కువ పొయ్యి. సన్నటి మంట మీద ఉంచు. ఆ నీళ్ళు మాత్రం పారబోయకు, బలమంతా అందులోనే ఉంటుంది, గింజే తాగేస్తుంది. నా చేత తిరిగి చెప్పించింది. చెప్పాను. షావుకారు చేత కూడా చెప్పించింది. ఆయనా బుద్ధిగా చెప్పాడు.

రైలు వెంట పరిగెత్తి ఎక్కానని ఊళ్ళో చెప్పాను. స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని కునుకు తీశానని మీకు చెబుతున్నాను.

మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు బియ్యం నానబెట్టాను. భాయ్ మంచం మీంచి మెడ సాచి చూశాడు. “తెచ్చినావా? నిజంగానే పోయినావా?” అని రెండుమూడుసార్లు అడిగాడు. సాయంత్రం రాగానే పొయ్యి వెలిగించాను. ఉడుకుతుంటే లేత కంకి కాల్చినట్టు వాసన వచ్చింది. అతను లేచి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను ఏడుపు ముఖం పెట్టకుండా హుషారుగా గరిటె తిప్పుతూ, హుఫూఫ్ కబుర్లు చెబుతూ, మాటల మధ్యలోనే తువ్వాలు తీసి మూత మీద వేసి, రెండు చేతులా బిగించి గిన్నె తపేలాలోకి వంచేశాను.

పారబోయకు అన్న మాట నాకు బాగా గుర్తుంది. వంచేటప్పుడు కూడా గుర్తుంది. చేతులు వినలేదు. ఇన్నేళ్ళుగా పొంగు తగ్గితే చాలు, వార్చి అలవాటైన చేతులు.

గిన్నెలో మిగిలిన అన్నం ఎర్రగా, గట్టిగా, విడివిడిగా ఉంది. అయినా పెట్టాను. భాయ్ రెండు గింజలు నోట్లో వేసుకుని, దవడ ఒక పక్కకి తిప్పి, తిరిగి అరచేతిలోకి తీశాడు.

“ఏందన్నా ఇది? హుఫూఫ్ నుంచి కంకర తెచ్చినావా? గదిలో రోడ్డు ఏస్తాండావా?”

నా మంచం మీద కూర్చుండిపోయాను. నిన్నటి రైలు, కోట, కమాను, ఆ ముసలమ్మ వేలు, అన్నీ ఒక్కసారిగా మోకాళ్ళలోకి దిగాయి.

కాసేపటికి అతనే అడిగాడు. “ఆ తపేలాలో ఏముండాది?”

“గంజి. పారబోసొస్త.”

“పారబోసేదేంది? ఇట్ల తే.”

గ్లాసులో పోసి ఇచ్చాను. ఎర్రగా, చిక్కగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. “ఉప్పెయ్యి. ఎర్రగడ్డ ఉంటే ఒకటి కొయ్యి” అన్నాడు. ఉల్లిగడ్డ కోశాను. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క. గ్లాసు దించేసరికి అడుగు కనిపించింది. మీసం మీద ఎర్రటి చార.

“ఇంగొంచెం పొయ్యి.”

అప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయని రాయాలని ఉంది. తిరగలేదు. “ఇగో బాలింతా, తాగు” అంటూ పోశాను.

“ఎవరు బాలింత?”

చెప్పాను. ఆవిడ సంగతీ, నా కవలల సంగతీ, జానెడు పెరిగిన మీసం సంగతీ. అతను గుడ్లురిమి, “గడ్డం నెరిసినోనికి బాలింత బియ్యం తెస్తివా? మా ఊర్లో తెలిస్తే తలెత్తుకోని తిరుగుదునా?” అని కేకలేశాడు. జబ్బు పడ్డాక మొదటిసారి అతని గొంతు పక్కగదికి వినిపించింది. అరుస్తూనే ఉన్నాడు గానీ గ్లాసు కింద పెట్టలేదు.

ఆ కంకరలో నీళ్ళు పోసి మళ్ళీ ఉడికిస్తే మెత్తబడింది. తర్వాత నుంచి నా తువ్వాలుని అతనే తలగడ కింద దాచిపెట్టాడు, నా చేతుల మీద నమ్మకం లేక. కొంచెం కొంచెంగా వరండా చివరిదాకా, ఆ తర్వాత మెస్ దాకా, ఆ తర్వాత క్యాంపు గేటు దాకా నడిచాడు. వెనక నేను నడిచేవాణ్ణి. పడితే పట్టుకుందామని కాదు. ఆగితే తిడదామని.

దమ్మామ్ ఎయిర్‌పోర్టుకి అతన్ని దిగబెట్టడానికి నేనూ వెళ్ళాను. ఆఫీసువాళ్ళు రాయించిన కుర్చీ రానే వచ్చింది. తోసే కుర్రాడు బంగ్లాదేశీ, భాయ్ పేరున్న అట్ట పట్టుకుని నిలబడ్డాడు. భాయ్ కుర్చీని పైనుంచి కిందికి చూశాడు. నన్ను చూశాడు. చేతిలో ఉన్న బియ్యం సంచి, ఇంటికోసం మిగుల్చుకున్నది, కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు.

“మెల్లిగా తోస్కోని రా బేటా. అందులో బాలింత ఉంది” అని ఉర్దూలో చెప్పాడు. ఆ కుర్రాడికేమీ అర్థం కాలేదు. బెల్టు సరిచేసి మెల్లిగానే తోశాడు.

భాయ్ పక్కన నడిచాడు. పరిగెత్తాడని నేను ఊళ్ళో చెప్పాను. నిజానికి ఒక చెయ్యి కుర్చీ పిడి మీద వేసి, ఆగి ఆగి నడిచాడు. ఇమిగ్రేషన్ లైను దగ్గర, నేనిక దాటకూడని చోట, ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసి మీసం మీద వేలు పెట్టాడు. తర్వాత కుర్చీ మీంచి ఆ చెయ్యి కూడా తీసేసి ముందుకి నడిచాడు. ఈ ఒక్క ముక్కా పెంచి రాయలేదు.